బీరువా పూత

ఆ గురువారం ఉదయం మా డైరెక్టరు త్రిపురాంతకం గారికి జలుబు చెయ్యకపోయి ఉంటే ఇదంతా జరిగేది కాదు. జలుబు చేసింది గనక ఆయన చేతిలో ముదురు నీలం రుమాలు ఉంది. రుమాలు ఉంది గనక, సన్యాసిరావు ఒక నీలం కారు బానెట్ ఎత్తి చూపిస్తుంటే, దాన్ని ఇంజను మీద ఆనించారు. రుమాలుకి తెల్లటి పొడి అంటుకుంది.

"ఇదేమిటి?" అన్నారు.

మాది ప్రాచీన వాహన పరిరక్షణ సంస్థ. విశాఖపట్నంలో సముద్రానికెదురుగా ఒక పాత గోదాములో ఉంటుంది. పదకొండు పాత కార్లూ నలభై ఇద్దరు ఉద్యోగులమూ ఉన్నాం. నా పేరు భీమశంకరం, సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలూ పోగొట్టలేదు, ఒక్క ఫైలూ ముగించలేదు. రెండూ మా సంస్థలో మంచి పేరు తెచ్చేవే.

పదకొండు కార్లలో నడిచే స్థితికి వచ్చింది ఆ నీలం కారు ఒక్కటే. ఎప్పుడో యాభై ఆరులో ఓడలోంచి దిగిన విదేశీ బండి. రేవు చీఫ్ ఇంజనీరు కోసం తెప్పించారు. ఆయన తరవాత మరో ముగ్గురు వాడాక ఒక షెడ్డులో పడేశారు. మా మెకానిక్కు సన్యాసిరావు పద్నాలుగు నెలలు దాని కింద పడుకుని బతికించాడు. దొరకని భాగాలు తనే సానబట్టి చేసుకున్నాడు.

అతను పనిచేస్తున్నంత కాలం పక్కన ఒక స్టూలు మీద దాలినాయుడు కూర్చునేవాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళు ఆ కారు తోలిన డ్రైవరు. ఏ బోల్టు ఎటు తిప్పితే ఏ చప్పుడు వస్తుందో అతనికి తెలుసు. రోజూ కంచరపాలెం నుంచి సిటీబస్సులో వచ్చేవాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. జనవరిలో ప్రారంభోత్సవం. ముఖ్య అతిథిని వెనక కూర్చోబెట్టుకుని దాలినాయుడే ఆ కారు తోలాలని నిర్ణయమైంది. ఆహ్వానపత్రికలో అతని పేరు కూడా వేశాం. ఆ పత్రికను అతను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు.

"ఉప్పుగాలండి," అన్నాడు సన్యాసిరావు, రుమాలు వంక చూసి. "ఇంజను నెత్తి మీదున్న ఈ ట్యాపెట్ కవరూ, మానిఫోల్డూ, ఈ నీళ్ళగొట్టం మూతా అల్లీమినం కదండి. సముద్రం పక్కనుంటే తెల్ల పొడి కక్కుతాది. నూనెగుడ్డ ఎట్టి వారానికోపాలి తుడుసుకుంటే సాలండి. ఏటీ అవదు."

"తుడవడమా?" అన్నారు డైరెక్టరు గారు, బాధగా. "తుడవడం అనేది ఒక అలవాటు సన్యాసిరావూ. అలవాట్ల మీద ఆధారపడి సంస్థలు నిలబడవు. సదరు అల్యూమినియం భాగములకు శాశ్వత ప్రాతిపదికన, మన్నిక కలిగినట్టి, ఆమోదితమైన పూత ఒకటి ఎంపిక చేయవలసి ఉంది." నా వైపు తిరిగి, "భీమశంకరం గారూ, ఫైలు తెరవండి," అన్నారు.

నేను ఫైలు తెరిచాను. తెరవడం నాకు చాలా బాగా వచ్చు.

మర్నాటికి మన్నిక నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆచార్య నిగమానందం గారు. లోహశాస్త్రంలో పెద్దవారు. వంతెనల తుప్పు మీద ముప్ఫై ఏళ్ళు పరిశోధన చేశారు. అల్యూమినియం తుప్పు పట్టదు కదా అని సన్యాసిరావు నెమ్మదిగా అడిగితే, "అందుకే నిష్పాక్షికంగా పరిశీలించగలను," అన్నారాయన.

మొదటి సమావేశం మొత్తం 'మన్నిక' అనే మాటకు అర్థం నిర్ణయించడంతో గడిచింది. ఇరవై ఐదేళ్ళపాటు రంగుగాని, మెరుపుగాని, నునుపుగాని మారకుండా ఉండటమే మన్నిక అని తీర్మానించారు. అలా ఉంటుందో లేదో తెలియాలంటే ఇరవై ఐదేళ్ళు ఆగి చూడాలని ఒక సభ్యుడు అన్నాడు. ప్రారంభోత్సవం నాలుగున్నర నెలల్లో ఉందని నేను మనవి చేశాను. చివరికి తొంభై రోజుల పరీక్షకు ఒప్పుకున్నారు. మిగిలిన రోజులను తరవాత లెక్కలోకి తీసుకుంటామని మినిట్స్‌లో రాయించారు.

పనికిరాని పాత ఇంజన్ల కవర్లు కోసి, అరచేతి వెడల్పున తొమ్మిది ముక్కలు చేశాడు సన్యాసిరావు. ఒకదాన్ని బఫింగ్ చక్రం మీద అద్దంలా మెరిపించాడు. ఒకదానికి క్లియర్ కోటు కొట్టాడు. ఒకటి పౌడర్ కోటింగుకి పంపాడు, ఒకటి కరెంటు తొట్టిలో ముంచి పొర కట్టించే అనొడైజింగుకి. ఒకదానికి వేడికి తట్టుకునే వెండి రంగు, ఇంకొకదానికి నికెలు. మరో రెంటికి ఉపసంఘం సభ్యులు తమ తమ బంధువులు తయారుచేసే పూతలు పూయించారు. అవేమిటో నేను అడగలేదు.

అనొడైజింగు చేసిన ముక్క తిరిగొచ్చేసరికి మచ్చలమచ్చలుగా బూడిదరంగులో ఉంది.

"పోత పోసిన అల్లీమినం అలగే వొస్తాదండి," అన్నాడు సన్యాసిరావు. "రేకుకైతే బాగుంటాది గానీ పోతకి పడదు. అయినా బండికి ఏది నిలబడతాదో తెలవాలంటే ఇంజను మీద ఎట్టి సూడాలండి. వేడెక్కాలి, సల్లారాలి, ఆయిలు పడాలి, నా సేతిలోంచి పానా జారిపడాలి. అప్పుడు తెలుస్తాది."

"వేడి, ఆయిలు, పానా," అని నిగమానందం గారు రాసుకుని, కొట్టేశారు. "ఇవి బాహ్య కారణాలు. మనం పూతను పరీక్షిస్తున్నాం, ఇంజనును కాదు."

"పోనీ నేను ఒక ముక్క ఉత్తినే ఒగ్గీసి, వారం వారం గుడ్డతో తుడుత్తానండి. దాన్నీ పక్కనెట్టి సూడండి."

"తుడిస్తే సాక్ష్యాన్ని ప్రభావితం చేసినట్టవుతుంది," అన్నారు ఆచార్యులవారు.

ఎనిమిది ముక్కల్నీ గోదాం డాబా మీద సముద్రం వైపు తిప్పి చెక్కకి బిగించారు. ఏ పూతా లేని తొమ్మిదోదాన్ని పోలిక నిమిత్తం విడిగా ఉంచమన్నారు. నేను దాన్ని పాత దినపత్రికలో చుట్టి, నా గదిలో బీరువాలో పెట్టి, తాళం వేశాను. తాళం వెయ్యడం కూడా నాకు బాగా వచ్చు.

తొంభై రోజులూ సముద్రం తన పని తను చేసింది. అద్దంలా మెరిసినది తొమ్మిదో రోజుకే మసకబారింది. క్లియర్ కోటు పసుపెక్కి, అంచుల దగ్గర పొట్టులా లేచింది. పౌడర్ కోటింగు బాగానే ఉండేది గాని, చెక్కకి బిగించేటప్పుడు ఒక మూల పెచ్చు లేచింది. ఆ పెచ్చులోంచి తెల్లపొడి లోపలికి పాకింది. అనొడైజింగు మచ్చలు ఇంకా ముదిరాయి. వెండి రంగు బూడిద రంగయింది. నికెలు మీద బుడిపెలు లేచాయి. బంధువుల పూతల్లో ఒకటి వానకి కారిపోయింది. రెండోది కాకులు తిన్నాయి.

నివేదిక రాసే రోజున నిగమానందం గారికి తొమ్మిదో ముక్క గుర్తొచ్చింది. నేను బీరువా తెరిచి, కాగితం విప్పి, బల్ల మీద పెట్టాను. కోసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. మచ్చ లేదు, పొడి లేదు.

అందరూ కుర్చీలు బల్ల దగ్గరికి లాక్కున్నారు.

"దీనికి ఏ పూత వేశారు?" అన్నారు డైరెక్టరు గారు.

"ఏదీ లేదండి. బీరువాలో ఉంది," అన్నాను.

నిగమానందం గారు లేచి నిలబడ్డారు. ముక్కని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. తరవాత బీరువా దగ్గరికి వెళ్ళి దాని తలుపు మీద చెయ్యి వేశారు. "పరీక్షించిన తొమ్మిది విధానాలలో బీరువా విధానమే అత్యంత మన్నికగలదిగా రుజువైనది," అన్నారు, ఆ తలుపుని మెల్లిగా నిమురుతూ. అందులో నటన లేదు. ముప్ఫై ఏళ్ళు వంతెనలు తుప్పు పట్టడం చూసిన మనిషి, జీవితంలో మొదటిసారి చెడిపోనిదాన్ని చూస్తున్నాడు.

ఆ వాక్యాన్ని నివేదికలో రాసింది నేనే. ఏమైనా అడగాలనిపించిందా అంటే, అనిపించింది. నేను నింపే ఫారాల్లో అడగడానికి గడి లేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నీలం కారు ఇంజను మీది మూడు అల్యూమినియం భాగాలూ విప్పి, బీరువాలో భద్రపరచాలి. సన్యాసిరావు కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు.

"మానిఫోల్డు తీసీస్తే ఇంజనుకి గాలెలా పోతాదండి? బండి కదల్దండి."

"కదలకపోతే వేడెక్కదు," అన్నారు త్రిపురాంతకం గారు ఓపిగ్గా. "వేడెక్కకపోతే చెడదు. నువ్వు చేసిన పనిని నీ నుంచే కాపాడుతున్నాం నాయనా."

సన్యాసిరావు విప్పాడు. ఒక్కొక్క నట్టూ తీసి, వరసగా పళ్ళెంలో పెట్టాడు. దాలినాయుడు స్టూలు మీంచి చూస్తున్నాడు.

"మళ్ళీ ఎప్పుడు బిగుత్తావురా సన్నాసీ?"

"జనవరి లోపల బిగించీమంటారులే తాతా," అన్నాడు సన్యాసిరావు, తలెత్తకుండా.

జనవరిలో బిగించమనలేదు. ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు ఒక సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం పద్నాలుగుమంది ఉద్యోగులు 'గౌరవ పరివారం'గా వ్యవహరించాలి. వారు వాహనం వెంబడి నడుస్తూ, గౌరవ సూచకంగా రెండు చేతులూ వాహనంపై ఆనించి, తగుమాత్రం బలం ప్రయోగించాలి. జాబితాలో ఎడమ వెనక మడ్‌గార్డు నాది.

బానెట్ మూసే ఉంది గనక, భాగాలు బిగించలేదని దాలినాయుడుకి తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఆ పని నాకు అప్పగించారు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఆ రోజు అతను ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటూ, తెల్ల చొక్కా, నెత్తిన పాత రేవు టోపీతో వచ్చాడు. మనవడి చేత బూట్లు పాలిష్ పట్టించుకున్నాడు. ముఖ్య అతిథి వెనక కూర్చున్నాక స్టీరింగు పట్టుకుని, క్లచ్ తొక్కి, తాళం తిప్పాడు. బ్యాటరీ తీగ కూడా విప్పేసి ఉంది గనక ఏమీ వినపడలేదు. మళ్ళీ తిప్పాడు. ఈలోగా మేము పద్నాలుగుమందిమీ గౌరవంగా తోశాం. కారు కదిలింది.

అద్దంలోంచి అతను వెనక్కి చూశాడు. నేను కనిపించాను. నేను తల దించుకుని తోశాను.

మూడు వందల గజాలు అలా నడిచాం. సముద్రపు గాలికి మా చొక్కాలు ఉబ్బాయి, బ్యాండు మేళం వాయించింది. దిగాక ముఖ్య అతిథి పరవశించిపోయారు.

"నా జీవితంలో ఇంత నిశ్శబ్దమైన ఇంజను చూడలేదు! శబ్దం లేదు, పొగ లేదు, కుదుపు లేదు! ఇది ఎలా సాధ్యమైందయ్యా?"

"మేము ఎంపిక చేసిన పూత ప్రభావమండి," అన్నారు త్రిపురాంతకం గారు వినయంగా.

"మిగిలిన పది కార్లకీ ఇదే పూత వేయించండి," అని అక్కడికక్కడే మైకులో ప్రకటించారు ముఖ్య అతిథి. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేసరికి దాలినాయుడు కారు దిగి, తలుపు మెల్లిగా వేశాడు. గట్టిగా వేస్తే దెబ్బతింటుందని అతనికి తెలుసు. సన్యాసిరావు దగ్గరికి వచ్చాడు.

"పంతొమ్మిదేళ్ళలో ఒక్కనాడు కూడా దీన్ని తోయించనేదురా నేను," అన్నాడు. అంతే. టోపీ తీసి చంకలో పెట్టుకుని, బస్‌స్టాపు వైపు నడిచాడు. ఆ తరవాత అతను రాలేదు.

మిగిలిన కార్ల భాగాలూ బీరువాల్లోకి వెళ్ళాయి. కొత్త బీరువాలు పెట్టడానికి చోటు చాలక మూడు కార్లని ఆరుబయటికి జరిపారు. వానా ఉప్పుగాలీ పడి వాటి తలుపులు తుప్పెక్కసాగాయి. తలుపులు ఉక్కువి గనక అవి ఉపసంఘం పరిధిలోకి రావని నేనే నోటు రాశాను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సన్యాసిరావు నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నన్ను బస్సు డిపోకి పంపీమని ఒక కాయితం రాసీండి సూపర్నెంటు గారూ."

"ఎందుకయ్యా? ఇక్కడ పని తక్కువ కదా."

"పని నేదండి. అదే సెప్తన్నాను. అక్కడైతే ఎంత లేదన్నా బళ్ళు కదుల్తాయి." చేతిగుడ్డ మడతపెట్టుకున్నాడు. "నిన్న కంచరపాలెం ఎల్లినానండి. తాత మంచం మీద కూకుని గోడకేసి సూత్తన్నాడు. ఒంట్లో బాగానే ఉందట. బండి సంగతి ఎత్తితే ఇంకో మాట మాటాడతన్నాడు."

కాగితం రాయడం మొదలుపెట్టాను. 'పై విషయమును పురస్కరించుకుని' అన్న దగ్గర ఆగిపోయాను. ఆ కారు అద్దంలో దాలినాయుడి కళ్ళు మళ్ళీ కనిపించాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందంటే, ఆఫీసులో ఏమీ కాలేదన్నాను. అది నిజమే. ఏమీ కాకపోవడమే అయింది.

మార్చిలో ప్రధాన కార్యాలయం నుంచి వస్తు తనిఖీ అధికారిణి వచ్చారు. పేరు కనకమహాలక్ష్మి గారు. యాభై దాటిన సన్నటి మనిషి. సొంత పెన్నూ, సొంత మంచినీళ్ళ సీసా, చేతిలో తనిఖీ పత్రాల కట్ట. మేము తెప్పించిన కాఫీ తాగలేదు. నేరుగా బీరువా తెరిపించారు.

"ట్యాపెట్ కవరు, ఒకటి," అని చదివారు. "వస్తువు ఉన్నదా? ఉంది. వస్తువు పనిచేయుచున్నదా?"

"అద్భుతమైన మన్నికలో ఉందండి," అన్నారు డైరెక్టరు గారు.

"మన్నికకి గడి లేదండి. పనిచేయుచున్నదా? అవును, కాదు. రెండే ఉన్నాయి."

"భద్రపరచబడి ఉన్నది అని రాయవచ్చు గదా?"

"రాయకూడదండి. బీరువాలో ఉన్న మూత దేన్నీ మూయడం లేదు. అంటే పని చెయ్యడం లేదు." ఆవిడ కాగితం తిప్పారు. "పనిచేయని వస్తువుల్ని నిరుపయోగ జాబితాలో చేర్చి, పాత ఇనుము వేలానికి పంపాలి."

"అమ్మా, అది అల్యూమినియం!" అని ఆక్రోశించారు త్రిపురాంతకం గారు.

"వేలంలో అన్నీ పాత ఇనుమేనండి." ఆవిడ పెన్ను 'కాదు' వైపు కదిలింది. "పనిచేస్తుందని ఎవరైనా రుజువు చూపిస్తే వేరే సంగతి."

డైరెక్టరు గారు నా వంక చూశారు. ఏ నిబంధన అడ్డొస్తుందో చెప్పమని ఆ చూపు. ఇరవై ఆరేళ్ళుగా ఆ చూపుకి జవాబు నా నాలిక చివర సిద్ధంగా ఉండేది. ఆ రోజు నా నోటి నుంచి ఇంకోటి వచ్చింది.

"ఇంజనుకి బిగించి స్టార్టు చేస్తే తెలుస్తుందండి," అన్నాను. "సన్యాసిరావుకి రెండు గంటలు చాలు. డ్రైవరుని నేను తీసుకొస్తాను."

"వేడెక్కుతుందయ్యా!" అన్నారు డైరెక్టరు గారు.

"వేలమా, వేడా, మీరే చెప్పండి," అన్నారు కనకమహాలక్ష్మి గారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

నేను స్కూటరు మీద కంచరపాలెం వెళ్ళాను. దాలినాయుడు వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"తొయ్యడానికైతే నేను రాను బాబూ."

"తొయ్యడానికి కాదు నాయుడు గారూ. సన్యాసిరావు బిగిస్తున్నాడు."

చెయ్యి ఆగింది. "మూడూనా?"

"మూడూ. ఆ రోజు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

అతను నా మొహంలోకి చూశాడు. ఏం వెతికాడో తెలీదు. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, కోడలిని కేకేసి చొక్కా అడిగాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని స్కూటరెక్కాడు.

మేము వెళ్ళేసరికి సన్యాసిరావు ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నలభైమందీ గోదాం చుట్టూ చేరారు. దాలినాయుడు ఎక్కి కూర్చున్నాడు. చోక్ లాగాడు. తాళం తిప్పాడు. సెల్ఫు గరగరమంది. ఇంజను అందుకోలేదు.

"ఊరుకోండి, చాలు!" అన్నారు డైరెక్టరు గారు.

రెండోసారీ అందుకోలేదు. దాలినాయుడు చోక్‌ని సగం లోపలికి నెట్టి, డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, ఏదో అన్నాడు. మాకు వినపడలేదు. మూడోసారికి ఒక్క దగ్గు దగ్గి, ఇంజను లేచింది. ముందు తడబడుతూ, తరవాత నిలకడగా, చివరికి ఒకటే మూలుగులా. పైకప్పు రేకులు అదిరాయి. మా అకౌంటెంటు నోరు తెరిచి నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా కార్ల సంస్థలో పని చేస్తున్నాడు. ఇంజను చప్పుడు దగ్గర నిలబడి వినడం అతనికి అదే మొదటిసారి.

సన్యాసిరావు గోడవైపు తిరిగి మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. మొహమంతా నల్లనయింది.

త్రిపురాంతకం గారు బానెట్ దగ్గర నిలబడి, వేడెక్కుతున్న కవరు వంక, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు చూస్తున్నారు.

కనకమహాలక్ష్మి గారు వచ్చి, కవరు పక్కన చెయ్యి పెట్టి చూసి, 'అవును' అన్నదాని మీద గుర్తు పెట్టారు. మానిఫోల్డుకి ఒక 'అవును'. నీళ్ళగొట్టం మూతకి ఒక 'అవును'. సంతకం పెట్టి, పెన్ను మూత బిగించారు.

దాలినాయుడు తాళం మీద చెయ్యి వేశాడు గాని, తిప్పలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ఇంకా ఏటైనా సూడాల?"

ఆ తనిఖీ పత్రం నాకు కంఠతా వచ్చు. అందులో ఇంక గళ్ళు లేవు. ఆవిడకీ తెలుసు. ఆవిడ కాగితం వంక చూశారు, ముసలాయన తప్పు గుండీల వంక చూశారు. పెన్ను మూత మళ్ళీ తీశారు.

"చాలా ఉన్నాయండీ," అన్నారు. "ఇక్కడ నిలబడి చూస్తే తెలిసేవి కావు. భీమిలి దాకా వెళ్ళి రావాలి."

వెనక తలుపు తీసుకుని కూర్చున్నారు. సన్యాసిరావు బానెట్ దించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ పరుగున వెళ్ళి ముందు సీట్లో కూలబడ్డాడు. గేరు పడిన చప్పుడు వినపడింది.

"భీమశంకరం గారూ!" డైరెక్టరు గారు నా వెనకే పరిగెత్తుకొచ్చారు. "ఏ నిబంధన ప్రకారం వెళ్తున్నారు? ఏ నిబంధన ప్రకారం?"

"వెతుకుతానండి," అన్నాను, గేటు రెండు రెక్కలూ బార్లా తీస్తూ.